మేనమామ రూలు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. బెంగళూరు మారతహళ్లిలో ఒకే ఫ్లాట్‌లో ఐదుగురు, అందరూ తెలుగువాళ్లే. ప్రతి డిసెంబరు ఆఖర్లో కూర్చుని ఆ ఏడాది వచ్చిన రాక్ ఆల్బమ్‌లలో ఎవరికి ఏది నచ్చిందో చెప్పుకుంటారు. రెండేళ్లుగా అది మాటలు మానుకునేదాకా పోతోంది. ఒకడికి మెటల్ (రాక్‌లో బాగా గట్టిగా మోగే రకం) తప్ప ఇంకేదీ చెవికెక్కదు. ఇంకొకడు 1991తోనే రాక్ చచ్చిపోయిందంటాడు. నువ్వేమో గుంటూరులో ఇళయరాజా పాటలు వింటూ పెరిగి, రాక్ వినడం మొదలుపెట్టి ఏడాదిన్నర అయింది. "2024కి నేను ఏ ఆల్బమ్ తీసుకెళ్లాలన్నా? తీసుకెళ్లి ఏం మాట్లాడితే నవ్వులపాలు కాకుండా ఉంటాను?" అని అడిగావు.

ముందు నా సంగతి చెప్తాను, ఎవడీయన అనుకోకుండా. నాది హిందూపురం. 1996లో బెంగళూరు బస్సెక్కి, సౌండ్ సిస్టమ్‌లు అద్దెకిచ్చే ఒక కంపెనీలో కేబుళ్లు చుట్టే పనికి చేరాను. ఆ తర్వాత పాతికేళ్లు సౌండ్ మిక్సర్ వెనకాలే గడిచాయి. కాలేజీ ఫెస్టులు, పబ్బులు, పెళ్లిళ్లు. (అన్నం పెట్టింది పెళ్లిళ్లే, రాక్ కాదు.) మా జట్టు 2003లో మొదలైంది, రోలింగ్ స్టోన్స్ బ్యాండు ఇక్కడి ప్యాలెస్ గ్రౌండ్స్‌కి వచ్చిన ఏడాది. విల్సన్ గార్డెన్‌లో ఒక మిద్దె, ఆరుగురు మనుషులు, ఒక టేప్ కమ్ సీడీ ప్లేయరు. అందులో నలుగురం ఇంకా ఈ ఊళ్లోనే ఉన్నాం, ఏటా కూర్చుంటాం. పోట్లాడుకోవడంలో మీకు సీనియర్లం.

నువ్వు అనుకుంటున్నట్టు మీది అభిరుచుల గొడవ కాదు. మీ ఐదుగురూ విన్నది ఒకటి కాదు, అదీ చిక్కు. ఒకడు సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని సగం విన్నాడు. ఇంకొకడు ఆఫీసులో కోడ్ రాస్తూ విన్నాడు, అంటే వినలేదు. మూడోవాడు ముందుగా విడుదలైన రెండు పాటలు విని ఆల్బమ్ మొత్తానికి తీర్పు చెప్పేశాడు. ఒకే పెళ్లి భోజనం గురించి వాదించుకుంటున్నాం అనుకుంటున్నారు గానీ, ఒకడు పప్పు దగ్గరే లేచిపోయాడు, ఇంకొకడు పెరుగన్నం టైముకి వచ్చాడు.

2008లో మా దగ్గర జరిగింది చెప్తాను. ఆ సెప్టెంబరులో మెటల్ బ్యాండు మెటాలికా ఆల్బమ్ 'డెత్ మాగ్నెటిక్' వచ్చింది. మా జట్టులో కర్నూలువాడొకడు సీడీ పట్టుకొచ్చి, ఈ ఏటికి మొనగాడు ఇదే, ఇంక మాట్లాడొద్దన్నాడు. నేను వినలేకపోయాను. పాటలు బాగున్నాయి, కానీ పది నిమిషాలకే చెవులు అలిసిపోతున్నాయి. ఆ మాటే అంటే నాకు వయసైపోయిందన్నాడు. అప్పటికి నాకు ముప్పై ఒకటి. మాటా మాటా పెరిగి వేరుశనక్కాయల పళ్లెం మిద్దె మీంచి కిందింటి వాళ్ల తులసికోట దగ్గర పడింది. ఓనరమ్మ పైకొచ్చి కన్నడంలో తిట్టింది, మేము తెలుగులో క్షమాపణ చెప్పుకున్నాం.

సంగతేమిటంటే, ఆ రికార్డు శబ్దాన్ని విపరీతంగా నొక్కి పెంచారు. డ్రమ్ మీద కర్ర పడిన క్షణంలో శబ్దం ఒక్కసారి పైకి లేచి దిగాలి. అన్నిటినీ ఒకే మట్టానికి తెచ్చేస్తే ఆ లేచే తల తెగిపోతుంది. చెవికి ఊపిరి తీసుకునే సందు దొరకదు. ఇది మా మిద్దె మీది రగడ మాత్రమే కాదు. అవే పాటలు గిటార్ హీరో అనే వీడియో గేమ్‌లో అంత నొక్కకుండా ఉన్నాయని అభిమానులే కనిపెట్టారు. ఆల్బమ్ మళ్లీ మిక్స్ చేయమని వేలమంది సంతకాలు పెట్టారు.

ఆ తర్వాతి వారం పని దగ్గర్నుంచి శబ్దం కొలిచే మీటరు ఒకటి అడిగి తెచ్చాను. అంతకుముందు సంవత్సరాల రాక్ సీడీ ఒకటీ, ఇదీ, రెండూ చెవికి ఒకే ఎత్తులో వినపడేలా సరిచేసి ఒకదాని తర్వాత ఒకటి పెట్టాను. కర్నూలువాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "పాటలు నచ్చాయి రా, సీడీ నచ్చలా" అన్నాడు. పదహారేళ్లయింది, ఆ ఆల్బమ్ గురించి నేను విన్న న్యాయమైన మాట ఇప్పటికీ అదే.

అందుకని మీ ఇంట్లో మొట్టమొదట సరిచేయాల్సింది వాల్యూమ్. రెండు పాటల్లో ఒకటి ఒకట్రెండు డెసిబెల్స్ ఎక్కువగా మోగితే చాలు, చెవి దాన్నే "బాగుంది" అనుకుంటుంది. గట్టిగా ఉందని దానికి తెలియదు. మీ మెటల్ మిత్రుడు ప్రతిసారీ తన వంతు రాగానే రెండు గీతలు పైకి జరుపుతాడని నువ్వే రాశావు. అది తీర్పుకి లంచం ఇవ్వడం లాంటిది. స్పాటిఫైలో వాల్యూమ్ నార్మలైజేషన్ ఆన్ చేసుకుంటే అన్ని ఆల్బమ్‌లనీ మామూలుగా మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) అనే ఒకే మట్టానికి తెస్తుంది. మీకు అది చాలు. ఫోన్‌లో డెసిబెల్ చూపించే ఆప్ ఒకటి వేసుకుని, మీరు కూర్చున్న చోట 75 దగ్గర పెట్టుకోండి. అంతకు మరీ తగ్గిస్తే బేస్ గిటార్ మాయమవుతుంది. తక్కువ శబ్దంలో మన చెవికి కింది స్వరాలు సరిగా ఆనవు, అది స్పీకరు తప్పు కాదు. అంతకు పెంచితే పక్క ఫ్లాటు వాళ్లొస్తారు. నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా 45 డెసిబెల్స్ అని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో రాసి ఉంది. ఇంట్లో 75 ఉంటే గోడవతల ఎంత ఉంటుందనేది మీ ఓనరు కట్టించిన గోడని బట్టి. సాయంత్రం నాలుగింటికి మొదలుపెట్టండి, రాత్రి పన్నెండింటికి కాదు.

షఫుల్ తీసేయండి. ఒక పాట చివరని తర్వాతి పాట మొదట్లో కలిపేసే క్రాస్‌ఫేడ్ తీసేయండి. ఆల్బమ్ అంటే వరస. 2021లో అడెల్ అడిగిందని స్పాటిఫై ఆల్బమ్ పేజీలో షఫుల్‌ని మొదటి బటన్‌గా ఉంచడం మానేసింది. ఆవిడ రాక్ గాయని కాకపోయినా ఆ ఒక్క పనికి రాక్ వినేవాళ్లందరూ దణ్ణం పెట్టాలి.

ఇక ఐదు ఆల్బమ్‌లు మొత్తం కూర్చుని వింటామంటారా, నాలుగ్గంటలు పడుతుంది. మూడోదానికే ఎవడో ఫోన్ తీస్తాడు. మేము చేసేది ఇది: డిసెంబరు ఒకటో తారీకుకల్లా ఎవరి ఆల్బమ్ పేరు వాళ్లు చెప్పేయాలి. అందరూ ఎవరింట్లో వాళ్లు రెండుసార్లు పూర్తిగా వినాలి. కూర్చున్న రోజు ఒక్కో ఆల్బమ్‌లోంచి ఇరవై నిమిషాలే, మధ్యలో ఆపకుండా. పాత ఎల్‌పీ రికార్డుకి ఒక వైపు పట్టేది సుమారు ఇరవై, ఇరవై రెండు నిమిషాలే కదా. ఆ కొలత ఊరికే రాలేదనిపిస్తుంది నాకు, మనిషి కుదురుగా కూర్చునేది కూడా అంతసేపే. ఈ ఏడాది మీకు టైము దాటిపోయింది కాబట్టి ఒక్క వారం పెట్టుకోండి.

ఇప్పుడు అసలు రూలు. 2012లో మావాళ్లిద్దరు ఈ ఆల్బమ్‌ల మీదే ఆరు నెలలు మాట్లాడుకోలేదు. వాళ్లలో ఒకడి భార్యకి మా పాటలంటే చిరాకు, మేము చేసే గోల అంటే ఇంకా చిరాకు. కాఫీ ఇస్తూ ఒకసారి అంది: "పెళ్లిచూపుల్లో పిల్లోడి గురించి పిల్లోడే చెప్పుకుంటే ఎవరైనా వింటారా? మేనమామ చెప్పాల." అంతే. ఆ ఏడు నుంచి మా దగ్గర ఎవరి ఆల్బమ్ వాళ్లు పొగుడుకోకూడదు. చీటీలు వేస్తాం. నీ చీటీలో ఎవరి ఆల్బమ్ వస్తే దానికి నువ్వు మేనమామవి. దాని తరఫున ఐదు నిమిషాలు నువ్వే మాట్లాడాలి. తెచ్చినవాడు నోరు మూసుకుని వినాలి, ఆఖర్న ఒక్క మాట కలపొచ్చు.

చూడటానికి ఆటలా ఉంటుంది గానీ, దీంతో జరిగేది వేరు. నీకు నచ్చని ఆల్బమ్‌ని పొగడాలంటే దాన్ని నాలుగుసార్లు వినక తప్పదు. నాలుగోసారికి నచ్చకపోవచ్చు కూడా, కానీ ఎందుకు నచ్చలేదో మాత్రం తెలుస్తుంది. ఇక తెచ్చినవాడికి, తన ఆల్బమ్ గురించి ఎదుటివాడు తను ఎన్నడూ గమనించనిది చెప్తుంటే నోట మాట రాదు.

ఈసారి మేము పదిహేను రోజుల ముందే కూర్చున్నాం. నేను తెచ్చింది ఇంగ్లండు బ్యాండు ద క్యూర్ వాళ్ల 'సాంగ్స్ ఆఫ్ ఎ లాస్ట్ వరల్డ్'. 2024 నవంబరు 1న వచ్చింది. 2008 తర్వాత పదహారేళ్లకి వాళ్ల కొత్త ఆల్బమ్, ఎనిమిదే పాటలు, సుమారు 49 నిమిషాలు. అది వచ్చేనాటికి గాయకుడు రాబర్ట్ స్మిత్‌కి 65. మొదటి పాట 'అలోన్'లో గొంతు వినపడటానికి మూడు నిమిషాలు దాటుతుంది. ఆఖరి పాట 'ఎండ్‌సాంగ్' పది నిమిషాలుంటే, అందులో ఆరు నిమిషాలు దాటాక గానీ ఆయన నోరు విప్పడు. నేను రాసుకుపోయిన పాయింట్లన్నీ గిటార్ శబ్దం గురించి, డ్రమ్ముల గురించి. పాతికేళ్ల అలవాటు, ఏం చేస్తాం.

దానికి మేనమామగా చీటీ వచ్చింది మా జట్టులో ఒకాయన కూతురికి. ఇరవై రెండేళ్లు, వీణ నేర్చుకుంది, మొదటిసారి మాతో కూర్చుంది. "అంకుల్, ఇందులో ఆయన పాడటానికి ముందు ఉన్నదాన్ని మీరు ఇంట్రో అంటున్నారు. నాకది ఆలాపనలా ఉంది. గొంతు రాకముందే దుఃఖం అంతా చెప్పేశాడు, తర్వాత పాడేది దానికి సాహిత్యం మాత్రమే" అంది. తమ్ముడు చనిపోయినవాడు ఎలా పాడతాడో వినమని 'ఐ కెన్ నెవర్ సే గుడ్‌బై' పెట్టమంది. స్మిత్ పాడింది తన అన్న రిచర్డ్ గురించి, తమ్ముడి గురించి కాదు. ఆ పొరపాటు నేను సరిచేయలేదు. రూలు ప్రకారం నేను మాట్లాడకూడదు, అంతకన్నా నిజమేమిటంటే మాట్లాడాలనిపించలేదు.

నాకు చీటీలో వచ్చింది లింకిన్ పార్క్ 'ఫ్రమ్ జీరో'. నా ఖర్మ. ఆ బ్యాండు గాయకుడు చెస్టర్ బెనింగ్టన్ 2017లో పోయాక ఏడేళ్లకి, ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్ గొంతుతో నవంబరు 15న వచ్చిన ఆల్బమ్. ముప్పై రెండు నిమిషాలే, ఆ మాత్రం జాలి చూపించారు. మొదటి రెండుసార్లు విన్నప్పుడు ఆవిడని ఆయనతో పోల్చడం తప్ప నేనేమీ చేయలేదు. మూడోసారి 'హెవీ ఈజ్ ద క్రౌన్'లో ఆవిడ ఒకే ఊపిరిలో పదిహేను సెకన్లు దాటి లాగే అరుపు దగ్గర ఆగిపోయాను. స్టేజీ మీద అలాంటి అరుపుకి మైకు సరిచేయడం ఎంత కష్టమో నాకు తెలుసు. దాని మీదే ఐదు నిమిషాలూ మాట్లాడాను. ఆల్బమ్ ఇప్పటికీ నచ్చలేదు, పాటలన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. కానీ ఆవిడని ఎవరైనా తిడితే ఇప్పుడు ఊరుకోను.

మిగతావి టూకీగా. పింక్ ఫ్లాయిడ్ గిటారిస్టు డేవిడ్ గిల్మోర్ 'లక్ అండ్ స్ట్రేంజ్' వచ్చింది, తొమ్మిదేళ్ల తర్వాత. మీ 1991 బాబు ఇదే తెస్తాడని పందెం. తెస్తే ఎగతాళి చేయకండి. టైటిల్ పాటలో వినపడే కీబోర్డు 2008లో చనిపోయిన ఫ్లాయిడ్ సహచరుడు రిచర్డ్ రైట్‌ది, 2007లో గిల్మోర్ ఇంటి దగ్గర ఊరికే కలిసి వాయించుకున్నప్పుడు రికార్డైంది. 'బిట్వీన్ టూ పాయింట్స్' పాడింది గిల్మోర్ కూతురు రోమనీ. పోయిన స్నేహితుడు ఒక పాటలో, కూతురు ఇంకో పాటలో. అన్నట్టు 1991 అంటే నిర్వాణా 'నెవర్‌మైండ్', పర్ల్ జామ్ 'టెన్', మెటాలికా నల్లట్ట ఆల్బమ్, మూడూ ఆగస్టు సెప్టెంబరుల్లో వచ్చిన ఏడాది. వాడి బాధ నాకు అర్థమవుతుంది. అయినా వాడికి చీటీలో బ్లడ్ ఇన్‌కాంటేషన్ 'అబ్సల్యూట్ ఎల్స్‌వేర్' రావాలని నా కోరిక. డెత్ మెటల్ బ్యాండు, బెర్లిన్‌లోని హాన్సా స్టూడియోలో చేశారు. మొత్తం రెండే రచనలు, ఒక్కోటి మూడు ముక్కలు. అరుపుల మధ్య హఠాత్తుగా డెబ్బైల నాటి పింక్ ఫ్లాయిడ్ తలుపు తీసినట్టు ఉంటుంది. వాడు తిట్టుకుంటూ మొదలుపెట్టి ఎక్కడ మెత్తబడతాడో చూడండి.

జాక్ వైట్ 'నో నేమ్' కథ సరదాగా ఉంటుంది. జూలై 19న తన సొంత రికార్డు షాపుల్లో ఏదో కొనుక్కున్నవాళ్ల సంచిలో పేరూ ఊరూ లేని ఒక తెల్లట్ట రికార్డు ఉచితంగా పడేశారు. ఇంటికెళ్లి పెట్టుకుంటే అది ఆయన కొత్త ఆల్బమ్. ఆగస్టులో గానీ అందరికీ విడుదల కాలేదు. పర్ల్ జామ్ 'డార్క్ మ్యాటర్' పర్లేదు, అంతే.

ఇంకొకటి, బెంగళూరులో ఉంటూ బెంగళూరు బ్యాండు వినకపోతే తప్పు. క్రిప్టోస్ 1998 నుంచి ఈ ఊళ్లో హెవీ మెటల్ వాయిస్తున్నారు. 2024లో 'డెసిమేటర్' తెచ్చారు, అదీ జర్మనీ లేబుల్ మీద. మనూరివాళ్లు కదా అని జాలిపడి మార్కులేయాల్సిన పనిలేదు. ఇంగ్లండు మెటల్ బ్యాండు జూడాస్ ప్రీస్ట్ 'ఇన్విన్సిబుల్ షీల్డ్' పక్కన పెట్టి వినండి, ఒకే వాల్యూమ్‌లో. ప్రీస్ట్ ముందుంటారు, నిజమే. డెబ్బై రెండేళ్ల వయసులో వాళ్ల గాయకుడు రాబ్ హాల్‌ఫర్డ్ అలా పాడాక ఎవరైనా వెనకే ఉంటారు. కానీ ఆ రెండు గిటార్లు ఒకదానికొకటి బదులిచ్చుకునే చోట మనవాళ్లు సిగ్గుపడాల్సిందేమీ లేదు.

నీ సంగతికొస్తాను. నువ్వు స్వీడన్ మెటల్ బ్యాండు ఓపెత్ 'ద లాస్ట్ విల్ అండ్ టెస్టమెంట్' తీసుకెళ్లు. నవంబరు 22న వచ్చింది. కారణం చెప్తాను. నువ్వు ఇళయరాజా పాటల మీద పెరిగానని సిగ్గుపడుతూ రాశావు, అది దాచుకోవాల్సింది కాదు. చరణానికి చరణానికి మధ్య వాయిద్యాలు పూర్తిగా వేరే ఊరు వెళ్లి, మళ్లీ సరిగ్గా పల్లవి గుమ్మంలో దిగడం నీ చెవికి చిన్నప్పట్నుంచీ అలవాటు. రాక్ మాత్రమే వినేవాళ్లలో చాలామందికి అది కష్టం. ఓపెత్ చేసేది అదే, ఇంకాస్త చీకట్లో. కింద బేస్ గిటార్ ఒక్కదాన్నే పట్టుకుని ఒకసారి మొత్తం విను. ఇళయరాజా పాటల్లో బేస్ వెంట నడిచిన చెవికి అది కష్టం కాదు.

పైగా కథ మనకి తెలిసిందే. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతి రోజులు. ఒక పెద్ద ఆస్తిపరుడు పోయాడు, బంగళాలో వీలునామా చదువుతున్నారు. కవల పిల్లలు కూర్చున్నారు, వాళ్లతోపాటు ఆ ఇంట్లో పెరిగిన పోలియో వచ్చిన అనాథ పిల్ల. ఈ పిల్లకి ఇక్కడేం పని అని కవలలకి అనుమానం. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు బయట చెట్టు కింద నిలబడితే వారానికి రెండు వినపడే కథ. పాటలకి పేర్లు కూడా లేవు, దస్తావేజులో లాగా ఒకటో పేరా, రెండో పేరా అని ఏడు. ఎనిమిదోదానికే పేరుంది. మధ్యలో జెత్రో టల్ బ్యాండు ఇయాన్ ఆండర్సన్ వచ్చి వేణువు వాయిస్తాడు, వీలునామా మాటలూ చదువుతాడు.

గొంతు చించుకునే చోట్లు ఉన్నాయి, ముందే చెప్తున్నాను. 2008 తర్వాత ఆ గొంతు వాళ్ల కొత్త ఆల్బమ్‌లో వినపడటం ఇదే మొదలు. పద్యనాటకంలో దుర్యోధనుడు గదా విసిరి కేక వేస్తే మనం చెవులు మూసుకోం కదా, ఆ పాత్ర అలా అరవాలి. ఇక్కడ చచ్చిన తండ్రి మాట్లాడుతున్నాడు, అలాగే వినపడాలి.

మాట్లాడేటప్పుడు ఒక్కటే పాటించు. నిమిషం చెప్పి మాట్లాడు. "ప్రొడక్షన్ బాగుంది", "వైబ్ బాగుంది" అంటే ఎవడైనా అంటాడు, ఎవడూ కాదనలేడు, అందుకే దాని వల్ల లాభం లేదు. "నాలుగో పాటలో వేణువు వచ్చే చోట నాకు ఒళ్లు జలదరించింది" అను. అక్కడిదాకా వెనక్కి జరిపి అందరూ మళ్లీ వింటారు. అప్పుడు మొదలయ్యేది మాటలు, కొట్లాట కాదు. విసుగొచ్చిన చోటు కూడా చెప్పు, నువ్వు తెచ్చిన ఆల్బమ్‌లో అయినా సరే. పెద్ద పెద్ద బ్యాండుల పేర్లు తెలియకపోతే తెలియవని చెప్పెయ్. నేను 1996లో ఈ ఊరొచ్చినప్పుడు రెసిడెన్సీ రోడ్డు పబ్బులో డీప్ పర్పుల్ పాట మోగుతుంటే ఏ సినిమాలోది అని అడిగాను.

మార్కులు వేయకండి. పదికి ఎనిమిదిన్నర, తొమ్మిది అనడం మొదలుపెడితే మళ్లీ బేరాలే. మేము ఆ రోజు ఎవరినీ గెలిపించం. మార్చి రెండో వారంలో ఒక సందేశం పెట్టుకుంటాం: డిసెంబరు తర్వాత, ఎవరూ అడక్కుండా, నీ అంతట నువ్వు మళ్లీ పెట్టుకుని విన్నది ఏది? చాలాసార్లు అది తను తెచ్చిన ఆల్బమ్ కాదు, తను మేనమామగా మాట్లాడిందే.

ఆఖరుగా తిండి. తిండి ఎప్పుడూ ఆల్బమ్‌ల తర్వాతే. 2019లో ఎవడో ఉత్సాహంగా ముందే నాగార్జున హోటల్ నుంచి బిర్యానీ తెప్పించాడు. నాలుగో ఆల్బమ్ కర్నూలువాడిది. అది మొదలైన ఐదు నిమిషాలకి మేనమామతో సహా అందరం నిద్రపోయాం. వాడొక్కడే కూర్చుని ఇరవై నిమిషాలూ విన్నాడట. ఇప్పటికీ ప్రతి డిసెంబరు ఒకటో తారీకున పేరు చెప్పమంటే వాడు ముందు ఆ ఆల్బమ్ పేరే చెప్తాడు.